ఒసాకా నుంచి బెప్పుకి రాత్రి ఓడ: సన్‌ఫ్లవర్ ఫెర్రీ ఎలా ఉంటుందంటే

జపాన్ ట్రిప్ ప్లాన్ చేసుకుంటున్న మనవాళ్లు ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఒకటే, ఒక్క రాత్రి ఓడలో పడుకోండి. టోక్యో, క్యోటో, ఫుజి కొండ అందరూ చూస్తారు, చూడాల్సినవే, కాదనను. కానీ ఈ దేశమంతా దీవులే అన్న సంగతి బుల్లెట్ రైల్లో కూర్చుంటే అసలు తెలియదు. హోన్షూ దీవి నుంచి క్యూషూ దీవికి ఆ రైలు సముద్రం అడుగున సొరంగంలోంచి పోతుంది, చెవులు కాస్త గుయ్‌మంటాయి, అంతే, దీవి మారిపోయి ఉంటుంది. అదే ఓడెక్కితే పన్నెండు గంటలు, ఆ పన్నెండు గంటల్లో సగం సేపు మీకు నిద్ర పట్టదు, పట్టకూడదు కూడా.

మేం వెళ్లింది హోన్షూలోని ఒసాకా నుంచి క్యూషూలోని బెప్పుకి వెళ్లే రూటులో, సన్‌ఫ్లవర్ కురెనాయ్ అనే ఓడలో. అమ్మానాన్న ఇక్కడికి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. ఇదే రూటు ఎందుకంటే, జపాన్‌లో రాత్రి ఫెర్రీలు చాలానే ఉన్నాయి, త్సురుగా నుంచి తొమకొమాయికి, మాయిజురు నుంచి ఒతారుకి, ఇలా హొక్కైదో వైపు వెళ్లేవి ఇరవై గంటల దాకా పడతాయి, అవి నడిసముద్రం మీద పోతాయి, చలికాలంలో జపాన్ సముద్రం అలల సంగతి చెప్పక్కర్లేదు. ఒసాకా–బెప్పు దారి మాత్రం చాలావరకు సెతో లోపలి సముద్రంలోనే. చుట్టూ హోన్షూ, షికోకు, క్యూషూ మూడు దీవులు అడ్డం ఉంటాయి కాబట్టి మామూలు రోజుల్లో పెద్ద కుదుపులు ఉండవు. పెద్దవాళ్లతో, పిల్లలతో మొదటిసారి ఓడెక్కేవాళ్లు ఇక్కడే మొదలుపెట్టాలి. మనవాళ్లకి ఓడలో రాత్రి అనగానే విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లే షిప్పు, రోజుల తరబడి నీళ్లు, వాంతులు, ఇవే గుర్తొస్తాయి. మా అమ్మ టెన్షన్ కూడా అదే. వాంతుల మాత్రలు బ్యాగులో పెట్టుకుంది గానీ వాటి అవసరం రాలేదు.

ఈ దారికి పెద్ద చరిత్రే ఉంది. 1912లో ఇదే రూటులో కురెనాయ్ మారు అనే ఓడ మొదలైంది, బెప్పు వేడినీటి బుగ్గల ఊరిగా దేశమంతా పేరు తెచ్చుకోవడానికి ఆ ఓడలే ముఖ్య కారణం. ఇప్పటి కురెనాయ్ 2023 జనవరిలో వచ్చింది, దాని జోడీ మురసాకి అదే ఏడాది ఏప్రిల్లో. రెండూ ఎల్‌ఎన్‌జీతో, అంటే ద్రవంగా మార్చిన సహజవాయువుతో నడిచేవి, జపాన్‌లో అలాంటి ఫెర్రీలు ఇవే మొదటివి. అది పర్యావరణానికి మంచిదన్నది ఒకటైతే, ప్రయాణికుడికి తెలిసే తేడా ఇంకొకటి, ఇంజను చప్పుడు, నేల అదురు బాగా తక్కువ. మంచం పక్కన పెట్టిన గ్లాసులో నీళ్లు కదలకుండా ఉన్నాయి, నేను పనిగట్టుకుని చూశాను.

ఎక్కే చోటు గురించి జాగ్రత్త. ఒసాకా నాంకో రేవులో ఫెర్రీ టెర్మినల్ ఒక్కటి కాదు. బెప్పు ఓడకి మీరు దిగాల్సిన స్టేషన్ ట్రేడ్ సెంటర్ మాయె. అదే లైన్లో ఫెర్రీ టెర్మినల్ అనే పేరుతోనే ఇంకో స్టేషన్ ఉంది, పేరు చూసి అక్కడ దిగారంటే అది వేరే కంపెనీల ఓడల దగ్గర. ఊరి మధ్యనుంచి వచ్చేవాళ్లు చువో లైన్ మెట్రోలో కాస్మో స్క్వేర్‌కి వచ్చి, న్యూ ట్రామ్ అనే చిన్న రైలుకి మారి ఒక్క స్టేషన్ వెళ్తే చాలు, అక్కడినుంచి నడకే. ఓడ బయలుదేరేది సాయంత్రం ఏడింటి ప్రాంతంలో, కానీ చాలా ముందుగానే ఎక్కనిస్తారు. ఆలస్యంగా పరుగెత్తుకొచ్చేవాళ్లు ఓడలో సగం సుఖం పోగొట్టుకున్నట్టే, ఎందుకో కింద చెప్తాను.

గదుల విషయానికొస్తే అన్నిటికంటే చవకది నేల మీద పరుపు పరిచి ఇచ్చే పెద్ద గది. దానిపైన తెర లాక్కుని పడుకునే ఒంటరి బెడ్లు, ఆ పైన లోపలే షవర్, టాయిలెట్ ఉన్న గదులు, ఇంకా పైకి వెళ్తే బాల్కనీ ఉన్నవి. ఒక్కరే వెళ్తే తెర బెడ్డు చాలు, నేను మామూలుగా అదే తీసుకుంటాను. అమ్మానాన్నలతో అయితే గదే తీసుకోండి, ఆ డబ్బు దగ్గర చూసుకోకండి. టికెట్టు ధర సీజన్ని బట్టి మారుతూ ఉంటుంది కాబట్టి అంకె చెప్పను గానీ, బుల్లెట్ రైలు, ఆపైన కొకురా నుంచి ఎక్స్‌ప్రెస్ రైలు, దానికి ఒక రాత్రి హోటల్ ఖర్చు కలిపి లెక్కేసుకుంటే ఓడ చవకే. జపాన్ రైల్ పాస్ ఇక్కడ పనికిరాదు, అది గుర్తుంచుకోండి.

ఇప్పుడు స్నానం. ఓడలో పెద్ద స్నానాల గది ఉంది, ఆడవాళ్లకి వేరు, మగవాళ్లకి వేరు, ఏ టికెట్టు కొన్నా ఉచితమే. అద్దాల కిటికీ పక్కన వేడినీళ్ల తొట్టె, బయట సముద్రం. చెప్పగానే అమ్మ, "ఏరా, అందరి ముందూ బట్టల్లేకుండా స్నానమేంట్రా, సిగ్గు లేదూ!" అంది. చాలామంది తెలుగువాళ్లు ఇక్కడే వెనక్కి తగ్గుతారు, బలవంతం ఏమీ లేదు, గదిలో షవర్ ఉంటే సరిపోతుంది. కానీ ఎవరూ ఎవరినీ చూడరు, ఎవరి గొడవ వాళ్లది, ఇది నిజం. ముందు చిన్న పీట మీద కూర్చుని ఒళ్లంతా సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి, ఆ తర్వాతే తొట్టెలో దిగాలి, చిన్న తువ్వాలు నీళ్లలో ముంచకూడదు, నెత్తిన పెట్టుకోవచ్చు. ఓడెక్కిన వెంటనే వెళ్తే గది దాదాపు ఖాళీ, ముందుగా రమ్మన్నది ఇందుకే. ఓడ కదిలాక ఇంకో సరదా, తొట్టెలో నీళ్లు మెల్లగా ఒక పక్కకి ఒరిగి అంచు మీదుగా పొర్లి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఇటుపక్కకి వస్తాయి. గుండెల దాకా ఉన్న నీళ్లు నడుము దాకా దిగి మళ్లీ పైకి ఎక్కుతుంటాయి. సముద్రం ఎంత ప్రశాంతంగా ఉన్నా ఓడ కదులుతోందని ఒంటికి తెలిసేది అక్కడే. చివరికి అమ్మ కూడా తెల్లవారుజామున, జనం లేని టైం చూసుకుని వెళ్లొచ్చింది.

భోజనం బఫే, డబ్బులు విడిగా కట్టాలి. చేపలు, మాంసం తినేవాళ్లకి ఏ బాధా లేదు. శాకాహారులు మాత్రం ఏర్పాటు చేసుకుని ఎక్కండి, జపాన్ వంటలో మిసో సూప్ దగ్గర్నుంచి ఉడికించిన కూరగాయల దాకా చేపల రసం పడుతుంది, చూడటానికి శాకాహారంలా ఉన్నది కూడా కాదు. అన్నం, బ్రెడ్డు, సలాడ్, పండ్లతో కానిచ్చేయొచ్చు, కానీ దానికోసం బఫే డబ్బులు కట్టడం దండగ. మేం ఇంట్లో పులిహోర కలుపుకుని, పెరుగన్నం డబ్బాలో పెట్టుకుని వెళ్లాం. కిటికీల పక్కన బల్లలు, కుర్చీలు అందరికీ ఉంటాయి, అక్కడ కూర్చుని తినొచ్చు, మా పక్క బల్ల మీద కూడా జపాన్ కుటుంబం ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బాలే విప్పింది.

అసలు విషయం వంతెనలు. నా దృష్టిలో ఈ టికెట్టు డబ్బులన్నీ వీటికే. హోన్షూకి, షికోకు దీవికి మధ్య వంతెనల దారులు మూడున్నాయి, ఈ ఓడ ఒక్క రాత్రిలో మూడింటి కిందనుంచీ పోతుంది. ఏ వంతెన ఎన్నింటికి వస్తుందో ఓడలోనే రాసి పెడతారు. మొదటిది అకాషి వంతెన, బయలుదేరిన గంట, గంటన్నరలో వస్తుంది. 1998లో తెరిచారు, రెండు స్తంభాల మధ్య 1,991 మీటర్లు, 2022లో టర్కీలో ఇంకో వంతెన వచ్చేదాకా స్తంభాల మధ్య దూరంలో ప్రపంచంలో ఇదే పెద్దది. కడుతుండగా 1995లో కోబె భూకంపం వచ్చి స్తంభాలు దాదాపు ఒక మీటరు దూరం జరిగాయి, ఆ కొత్త కొలతకే మిగతాది కట్టి పూర్తిచేశారు. పై డెక్ మీద నిలబడితే దూరంగా దీపాల దండ కనిపిస్తుంది, చాలాసేపు అలాగే ఉంటుంది, దగ్గరికే రావట్లేదనిపిస్తుంది, ఉన్నట్టుండి మొత్తం నెత్తి మీదికి వచ్చేస్తుంది. వంతెన సముద్రానికి 65 మీటర్ల ఎత్తులో ఉందని లెక్క తెలిసినా సరే ఓడ పొగగొట్టం తగులుతుందేమో అని మెడ వంగిపోతుంది. అందరూ నోళ్లు తెరుచుకుని పైకి చూస్తుంటారు. గాలి మాత్రం విపరీతం, వేసవిలో కూడా జాకెట్ ఉండాలి.

ఆ తర్వాత చాలామంది పడుకుంటారు. పడుకోకండి. రాత్రి పదిన్నర, పదకొండు ప్రాంతంలో సెతో మహావంతెన వస్తుంది, 1988 నాటిది. దీని దీపాలు రోజూ వెలగవు, శని ఆదివారాలు, పండగలు, ఇలా కొన్ని రోజులే, కుదిరితే ఆ రోజులు చూసుకుని బుక్ చేసుకోండి. మేం వెళ్లినప్పుడు వెలుగుతూనే ఉన్నాయి. ఇది రెండంతస్తుల వంతెన, పైన కార్లు, కింద రైళ్లు. నాన్నది రాజమండ్రి, 1974లో గోదావరి మీద రోడ్-కం-రైల్ వంతెన తెరిచినప్పటి సంగతులు ఇప్పటికీ చెప్తుంటారు. చీకట్లో పైన కార్ల లైట్లు ఒక వరసగా, వాటి కింద కిటికీలు వెలుగుతూ ఒక రైలు పోతుంటే కటకటాలు పట్టుకుని, "అచ్చం మన వంతెనే కదరా, కింద గోదారి బదులు సముద్రం" అన్నారు. ఆ రైలు పోయేదాకా అక్కడినుంచి కదల్లేదు.

మూడోది కురుషిమా, అర్ధరాత్రి దాటాక ఒంటిగంట ప్రాంతంలో. 1999లో కట్టిన మూడు వేలాడే వంతెనలు వరసగా. ఇక్కడ వంతెన కంటే కింద నీళ్లు గొప్పవి. ఈ జలసంధిలో ఆటుపోట్ల ప్రవాహం పది నాట్ల దాకా, అంటే గంటకు దాదాపు పద్దెనిమిది కిలోమీటర్ల దాకా వస్తుంది, అది ఎటు పోతోందన్న దాన్ని బట్టి ఓడలు వెళ్లే పక్క మారిపోతుంది. ప్రవాహంతో పాటు పోయే ఓడలు మధ్య దారిన, ఎదురీదేవి పడమటి దారిన పోవాలని రూలు. అంటే కొన్ని గంటలు ఎడమ పక్కన నడిచిన ట్రాఫిక్ ఇంకొన్ని గంటలకి కుడి పక్కకి మారుతుంది, ప్రపంచంలో ఇంకెక్కడా ఇలా లేదు. పైనుంచి చూస్తే నల్లటి నీళ్లలో సుడులు, ఎదురుగా వచ్చే ఓడల ఎర్ర, పచ్చ దీపాలు. అంత రాత్రి డెక్ మీద నలుగురైదుగురం ఉన్నామేమో. ఆ ఇరుకులో అంత పెద్ద ఓడని, కింద వందకు పైగా లారీలు ఎక్కించుకున్న ఓడని, ఏ హడావిడీ లేకుండా తిప్పుకుపోయే వాళ్ల పనితనం చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

నిద్ర సంగతి: గదిలో బాగానే పట్టింది. తెర బెడ్లలో గురక వినపడుతుంది, చెవుల్లో పెట్టుకునేవి తీసుకెళ్లండి. ఫోన్ సిగ్నల్ తీరానికి దగ్గరున్నంతసేపు ఉంటుంది, దూరం జరిగితే పోతుంది, సినిమాలు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అసలు సినిమాలెందుకు అంటాను నేను.

తెల్లారి ఏడుకి కాస్త ముందు బెప్పు చేరుతుంది. కొండల కింద ఊరంతా అక్కడక్కడా ఆవిరి లేస్తుంటుంది, రెండువేలకు పైగా వేడినీటి ఊటలున్న ఊరు మరి. అంత పొద్దున్న దుకాణాలు తెరవరు కాబట్టి నేరుగా తకెగవరా స్నానశాలకి వెళ్లండి, 1879లో పెట్టింది, పొద్దున్నే తెరిచే ఉంటుంది. శాకాహారులకి బెప్పు పెద్ద ఊరట. కన్నవా వీధుల్లో భూమిలోంచి వచ్చే ఆవిరి మీద కూరగాయలు, చిలగడదుంపలు, మొక్కజొన్న ఉడికించుకునే చోట్లున్నాయి, ఏ రసాలూ కలవవు, ఉప్పు చల్లుకుని తినడమే. అమ్మ ఆ ట్రిప్పులో కడుపునిండా తిన్నది అక్కడే.

తిరుగు ప్రయాణం కూడా ఓడలోనే చేయాలా అంటే, టైముంటే చేయండి, లేకపోతే రైలెక్కేయండి, వెళ్లేటప్పుడే అకాషి వంతెన మెలకువగా ఉండే వేళకి వస్తుంది, తిరుగు దారిలో అది తెల్లవారుజామున. మే మొదటివారం సెలవులు, ఆగస్టు మధ్యలో ఒబోన్ పండగ రోజుల్లో గదులు ముందే అయిపోతాయి, తుఫానుల కాలంలో ఓడ రద్దయ్యే అవకాశం కూడా ఉంది, అందుకని సెప్టెంబరులో వెళ్లేవాళ్లు మర్నాడే ఫ్లైట్ పెట్టుకోకండి. మేలో సెలవులు అయిపోయాక గానీ, అక్టోబరు చివర్లో గానీ, శనివారం రాత్రి ఓడకి గది దొరికిందంటే ఇంకేం ఆలోచించకుండా బుక్ చేసేయండి.