పిల్లి మాటలు చెప్పే యాప్: రెండేళ్లకు పైగా వాడాక

పిల్లి అరుపు రికార్డు చేస్తే చాలు, "ఆకలేస్తోంది", "నన్ను వదిలెయ్", "ఐ లవ్ యూ" అని అర్థం చెప్పే యాప్ ఇది. మా ఇంట్లో రెండు పిల్లులు. మల్లి నోరు విప్పడమే అరుదు, చింటూగాడు ఒట్టి వాగుడుకాయ. కాబట్టి పరీక్షంతా వాడిమీదే.

బుస్సుమనడం, కోపంతో గుర్రుమనడం బాగానే పట్టుకుంటుంది. చెవులు వెనక్కి మడిచి బుస్సుమంటే యాప్ లేకపోయినా చెయ్యి వెనక్కి తీసుకుంటాం, అది వేరే సంగతి.

చిక్కంతా మ్యావ్ దగ్గరే. ఎదిగిన పిల్లులు తమలో తాము మ్యావ్ అనుకోవడం చాలా తక్కువ. అది ఎక్కువగా మనకోసమే. ఏ అరుపుకి మనం లేస్తామో కనిపెట్టి, దాన్నే వాడుకుంటాయి. ఒక్కో ఇంట్లో ఒక్కో తీరు. చింటూగాడు బాల్కనీ తలుపు దగ్గర అరిచినా, ఖాళీ గిన్నె దగ్గర అరిచినా యాప్ రోజుకో జవాబు చెబుతుంది. గోడమీద బల్లిని చూసి పళ్లు టకటకలాడిస్తే "ఐ లవ్ యూ" అట! బల్లికి చెప్పాడేమో మరి.

గురగుర అంటే యాప్ దృష్టిలో ఎప్పుడూ సంతోషమే. పొద్దున్నే మన ముఖంమీదకొచ్చి చేసే గురగుర సంతోషం కాదు, టిఫిన్ కోసం. తిండి అడిగే గురగురలో పసిపాప ఏడుపులాంటి సన్నని కేక కలిసి ఉంటుందని ఇంగ్లండులోని ససెక్స్ యూనివర్సిటీకి చెందిన కరెన్ మెకాంబ్ బృందం 2009లో చూపించింది. పిల్లుల్ని పెంచనివాళ్లకి కూడా అందులో తొందర వినిపించిందట. నొప్పిలో ఉన్నప్పుడూ పిల్లులు గురగురమంటాయి.

ఒకసారి చింటూ లిట్టర్ ట్రేలోకి పదేపదే వెళ్లి, చుక్క మూత్రం రాక, సాగదీసి అరిచాడు. యాప్ "నన్ను వదిలెయ్" అంది. వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. మగపిల్లికి మూత్రం అడ్డుపడితే ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదకొస్తుంది. ఇలాంటప్పుడు యాప్ కోసం ఫోన్ తీయకండి, పిల్లిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే బుట్ట తీయండి.

నాకు పనికొచ్చింది ఒక్కటే, తేదీ, టైముతో దాచిపెట్టే రికార్డింగులు. గొంతు బొంగురుపోయిందని అనుమానం వస్తే పాతది వేసి పోల్చుకోవచ్చు. ఫ్యాన్ హోరులో మాత్రం సరిగా రికార్డవదు. కుక్కర్ విజిల్‌ని కూడా ఓసారి పిల్లి ఖాతాలో వేసింది. డబ్బు కట్టే వెర్షన్ అక్కర్లేదు, ఉచితంగా వచ్చేదానికి అయిదులో రెండు స్టార్లు ఇస్తాను.