నెగెటివ్ అంచుల్ని కూడా చూపించే స్కానర్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ఈ స్కానర్‌లో నాకు బాగా నచ్చింది దాని మూత. మూతలో లైటు ఉంటుంది, గాజు మీద నెగెటివ్ పెడితే పైనుంచి వెలుతురు దాని గుండా దిగుతుంది. స్పీడెంత, డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు) ఎంత లాంటివి డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను కొన్న మోడల్ ఇప్పుడు కొత్తది దొరకడం కూడా లేదు, అందుకే పేరు రాయడం లేదు. ఫిల్మ్ స్కాన్ చేసే ఫ్లాట్‌బెడ్, అంటే ఇలా గాజు మీద పరిచి స్కాన్ చేసే రకం, ఏది కొన్నా ఇందులో చాలావరకు వర్తిస్తుంది. నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఒక్క విషయం. స్కానర్‌తో పాటు ఇచ్చే ప్లాస్టిక్ చట్రంలో బిగించకుండా ఫిల్మ్‌ని నేరుగా గాజు మీద పరిస్తే, ఫొటోతో పాటు ఫిల్మ్ అంచులు కూడా స్కాన్‌లోకి వస్తాయి. చట్రంలో పెడితే అంచులు దాని కిందకి పోతాయి, పాత రోజుల్లో కడిగించిన ప్రింట్లలోనూ అక్కడ తెల్ల బోర్డరే ఉంటుంది. అంటే ఆ అంచుని మా ఇంట్లో అంతకుముందు ఎవరూ పట్టించుకుని చూడలేదు.

విజయవాడ సత్యనారాయణపురంలో మా పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీద రేకు పెట్టెలో ఈ నెగెటివ్‌లు దొరికాయి. దాదాపు అన్నీ 120 ఫిల్మ్, అంటే మామూలు 35 ఎంఎం కన్నా వెడల్పాటి రీలు, చదరపు ఫ్రేములు, రీలుకి 12 వచ్చేవి. మొదట ఒక స్టూడియోకి ఇచ్చి చూశాను. వాళ్లు అంచులు కత్తిరించి, మొహాలన్నీ నునుపు చేసి, చిన్న జేపెగ్‌లు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చారు. నానమ్మ చెంపల మీద ముడతలు లేవు, తాతయ్య చొక్కాకి నేత కనపడటం లేదు. ఆ ఫొటోలు చూశాక చాలా బాధేసి సొంతంగా స్కానర్ కొన్నాను.

ఇక అసలు సంగతి.

ఆ పెట్టెలోని నెగెటివ్‌లలో ఒకదాని ప్రింటు మా ఆల్బమ్‌లో ఎప్పటినుంచో ఉంది, నెగెటివ్ సైజులోనే కడిగించిన చిన్న చదరపు ముక్క. కృష్ణ ఒడ్డున మెట్ల మీద నానమ్మ నిలబడి ఉంటుంది, చంకలో పిల్ల, చేతిలో ఇత్తడి చెంబు. కింద పెద్దనాన్న చేతిరాతలో "1956 పుష్కరాలు" అని ఉంటుంది. 1956 అయితే చంకలో ఉన్నది పెద్దత్త. ఇంట్లో అందరికీ అదే తెలుసు, పెద్దత్త మనవరాలి బారసాలలో ఈ ఫొటో పెద్దది చేయించి గోడకి కూడా పెట్టారు.

నెగెటివ్‌ని గాజు మీద పరిచేటప్పుడు నేను మెరవని వైపు, అంటే మందు పూసిన వైపు కిందికి పెడతాను. నున్నటి వైపు గాజుకి తగిలితే బొమ్మ మీద వలయాలు వలయాలుగా మచ్చలు పడతాయి, వాటిని న్యూటన్ వలయాలంటారు, ఒకసారి పడ్డాయంటే తుడిచి తీసేసేవి కావు. ఇలా పెడితే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. స్క్రీన్ మీద చూస్తే నానమ్మ పైట కుడి భుజం మీద ఉంది. కంప్యూటర్లో ఎడమా కుడీ మార్చాక పైట ఎడమ భుజం మీదికి వచ్చింది, దాంతోపాటు అప్పటిదాకా తిరగేసి ఉన్న అంచు మీది అక్షరాలు కూడా సరిగ్గా చదవడానికి వచ్చాయి. ఓర్వో.

నేను కూర్చున్నచోటే ఉండిపోయాను. ఓర్వో అనే పేరు 1964కి ముందు ఫిల్మ్ మీద లేదు. తూర్పు జర్మనీలోని వోల్ఫెన్ ఫ్యాక్టరీ అప్పటిదాకా అగ్ఫా పేరుతోనే ఫిల్మ్ తయారుచేసేది, దేశం రెండుగా చీలాక అవతలివైపు కూడా ఒక అగ్ఫా ఉండటంతో 1964లో కొత్త పేరు పెట్టుకుంది. మన దగ్గర ఆ ఫిల్మ్ చాలా ఏళ్లు బాగా దొరికేది. 1964లో పుట్టిన పేరున్న ఫిల్మ్ మీద 1956 పుష్కరాలు ఎలా పడతాయి? కృష్ణా పుష్కరాలు పన్నెండేళ్లకోసారి కదా, తర్వాతవి 1968లో, ఆ తర్వాత 1980లో. 80 నాటికి నానమ్మ తల నెరిసిపోయింది, ఈ ఫొటోలో నల్లటి జడ. కాబట్టి ఇది 68. అంటే చంకలో ఉన్నది 67లో పుట్టిన చిన్నత్త.

చిన్నత్త గురించి చెప్పాలి. ఇంట్లో ఆఖరు పిల్ల. పెద్దవాళ్లందరికీ చిన్నప్పటి ఫొటోలున్నాయి, తనకి మాత్రం పెళ్లికి ముందుది ఒక్కటీ లేదు. ఆల్బమ్ తీసిన ప్రతిసారీ ఆ మాట అంటుంది, నవ్వుతూనే అంటుంది, కానీ మాట్లాడకుండా పేజీలు తిప్పడం నేను చూశాను. ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో ఉంటోంది. ఫొటో పంపి కింద సంగతి రాశాను. అరగంటలో ఫోన్.

"ఒరేయ్, అది నేనేనా? అక్క కాదా?"

"నువ్వే అత్తా. అంచు మీద రాసుంది చూడు."

"కళ్లజోడు పెట్టుకునే చూశాను, ఏవో గీతల్లా ఉన్నాయి. అక్షరాలెక్కడున్నాయో చుట్టూ గీసి మళ్లీ పంపు, అన్నయ్యకి నేనే చూపిస్తా."

గీతల్లా కనపడటానికి కారణం ఉంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే సైజు బాగా తగ్గిపోతుంది. నేను 2400 డీపీఐలో స్కాన్ చేస్తే ఒక్కో ఫ్రేము ఒక్కో వైపు 5,000 పిక్సెళ్లు దాటుతుంది, 16 బిట్ టిఫ్ (వివరం తగ్గించకుండా దాచే పెద్ద ఫైలు) అయితే 50 ఎంబీకి పైనే. అది నా హార్డ్ డిస్క్‌లో ఉంచుకుని, దాన్నుంచి పూర్తి సైజు జేపెగ్ తీసి, అటాచ్ చేసేటప్పుడు ఫొటో అని కాకుండా డాక్యుమెంట్ అని ఎంచుకుని పంపుతాను. పెద్దవాళ్లు ఫోన్లో వేళ్లతో సాగదీసి చూస్తారు కాబట్టి ఈ తేడా వాళ్లకే ఎక్కువ తెలుస్తుంది. రెండోసారి అలా పంపాక చిన్నత్తకి అక్షరాలే కాదు, పిల్ల చేతికున్న నల్లపూసలు కూడా కనపడ్డాయట.

పెద్దనాన్న మాత్రం ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. "రీలు అంచు చూసి మా అమ్మ చంకలో ఎవరున్నారో చెప్తావురా?" అంటారు. 68లో ఆయన చదువుకి వాల్తేరులో ఉన్నారు, ఆ పుష్కరాలు చూడలేదు, ఆయనకి తెలిసినవి 56వే. ఆయన్ని నొప్పించడం నాకిష్టం లేదు, ఆల్బమ్‌లో ఆయన రాసింది అలాగే ఉంచాం. చిన్నత్త ఇంట్లో ఫ్రేము కట్టించిన ఫొటో కింద మాత్రం 1968 అని ఉంది.

ఈ ఒక్క నెగెటివ్ వల్ల ఈ స్కానర్ అంటే నాకు ప్రేమ, అది దాచుకోను. అయితే కొన్న కొత్తలో తెలిసినవాళ్లందరికీ కళ్లు మూసుకుని కొనేయమన్నాను, ఇప్పుడు అడిగితే కొన్ని మాటలు కలిపి చెబుతున్నాను.

డబ్బా మీద పెద్దక్షరాలతో ఉండే దుమ్ము తొలగించే ఫీచర్ కలర్ నెగెటివ్‌లకి నిజంగా బాగా పనిచేస్తుంది. అక్క పెళ్లి కలర్ రీళ్లు దాంతోనే శుభ్రంగా వచ్చాయి. అది ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుతో పనిచేస్తుంది. కలర్ ఫిల్మ్‌లో చివరికి మిగిలేది రంగులే కాబట్టి ఆ వెలుతురు దాటిపోతుంది, దుమ్ము దగ్గర మాత్రం ఆగుతుంది. పాత బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మంతా వెండి కణాలే. వెండి కూడా ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేస్తుంది కాబట్టి ఏది దుమ్మో ఏది మనిషో యంత్రానికి తెలియదు, ఆన్ చేస్తే మొహాలు పాడవుతాయి. కాబట్టి ఆఫ్ చేసి ఉంచాలి, రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, మెత్తటి బ్రష్‌తో తుడిచి, మిగిలిన మచ్చలు కంప్యూటర్లో ఒక్కొక్కటే చేత్తో తీసుకోవాలి. ఫ్యాను వేస్తే దుమ్ము లేచి మళ్లీ గాజు మీద పడుతుంది. బెజవాడ ఎండల్లో ఫ్యాను లేకుండా కూర్చోవడం అయ్యే పని కాదు. వానాకాలంలో దుమ్ము తక్కువే కానీ తేమకి ఫిల్మ్ గాజుకి అతుక్కుంటుంది. నాకు కుదిరింది ధనుర్మాసం పొద్దుటిపూటలు, ఇంట్లో వాళ్లు ముగ్గులేసే వేళకి నేను స్కానర్ ముందు.

ఆ తేమే ఇంకో ఇబ్బంది తెచ్చింది. కొన్నేళ్లకి గాజు లోపలివైపు పల్చటి మసక పట్టింది, నల్లగా రావాల్సినవి బూడిదగా రావడంతో తెలిసింది. పైనుంచి ఎంత తుడిచినా పోదు. తెలిసిన మెకానిక్ విప్పి లోపల శుభ్రం చేసి ఇచ్చాడు, అప్పట్నుంచి వాడనప్పుడు గుడ్డ కప్పి పక్కన సిలికా జెల్ పొట్లాలు పెడుతున్నాను, మసక మళ్లీ రాలేదు. అందరికీ అలాంటి మెకానిక్ దొరకాలని లేదు.

ఇంకొకటి, ఇది స్కానర్ తప్పు కాదు గానీ ఎవరి ఇంట్లో పెట్టె ఉన్నా ముందు చూసుకోవాల్సింది. కొన్ని నెగెటివ్‌లు పులిసిన వెనిగర్ వాసన కొడుతూ అప్పడంలా అలలు తేలి ఉన్నాయి. ఎసిటేట్ ఫిల్మ్ వేడికీ తేమకీ కుళ్లినప్పుడు వచ్చే వాసన అది, పక్కనున్న మంచి ఫిల్మ్‌కి కూడా ఆ ఆవిరి చెరుపు చేస్తుంది. వాటిని వేరుచేసి, అన్నిటికన్నా ముందు స్కాన్ చేశాను. అలలు తేలినచోట ఫోకస్ పూర్తిగా కుదరలేదు, అయినా ఉన్నంతలో వచ్చాయి. అటక మీద నుంచి మాత్రం ఈ రోజే దించండి.

కొనాలా వద్దా అంటే మీ ఇంట్లో ఏముందో దాన్ని బట్టి. ప్రింట్లు మాత్రమే ఉంటే ఎండ నేరుగా పడని కిటికీ పక్కన పెట్టి ఫోన్‌తో తీసినా చుట్టాలకి పంపడానికి సరిపోతుంది, ఇంత ఖర్చు అక్కర్లేదు. 120 నెగెటివ్‌లుంటే, చేతిలో తీరిక కూడా ఉంటే, నాకు ఇంతకన్నా మంచి దారి తెలియదు, పైగా అంచులతో సహా వస్తాయి. 35 ఎంఎం రీళ్లయితే చెప్పలేను. అంత చిన్న ఫ్రేములోంచి ఫ్లాట్‌బెడ్ తీసే వివరం తక్కువ, డబ్బా మీద రాసిన డీపీఐ అంతా నిజంగా రాదు, మ్యాక్రో లెన్సున్న కెమెరా ఉన్నవాళ్లు లైటు ప్యాడ్ మీద పెట్టి ఫొటో తీసుకుంటే దీనికన్నా బాగా వస్తున్నాయి. సంక్రాంతికి పెద్దత్త వాళ్లింట్లో పెట్టె కూడా తెస్తానంది. అందులో ఎక్కువ 35 అని విన్నాను, అదే నిజమైతే నేనూ ఎవరి దగ్గరన్నా కెమెరా అడిగి తెచ్చుకోవాలి.