రిపర్ స్ట్రీట్: పేట కథగా ఉన్నన్నాళ్ళూ బాగుంది

బీబీసీ పోలీసు సిరీస్ 'రిపర్ స్ట్రీట్' ఐదు సీజన్లూ చూశాను. మొదటి రెండింటిని ఇప్పటికీ అప్పుడప్పుడూ పెట్టుకుంటూనే ఉంటాను. చివరి రెండింటి జోలికి మాత్రం మళ్ళీ వెళ్ళాలనిపించలేదు.

పేరు చూసి జాక్ ద రిపర్‌ని పట్టుకునే కథ అనుకునేరు. 1888లో తూర్పు లండన్‌లోని వైట్‌చాపెల్‌ని గడగడలాడించిన ఆ హత్యలు ఆగాక, 1889లో ఈ కథ మొదలవుతుంది. హంతకుడు దొరకలేదు. అక్కడి లీమన్ స్ట్రీట్ పోలీస్ స్టేషన్ మీద జనానికి నమ్మకం పోయింది. ఏ ఆడమనిషి శవం కనబడినా "వాడే మళ్ళీ వచ్చాడు" అని ఒకటే గోల. ఆ స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ ఎడ్మండ్ రీడ్‌గా మాథ్యూ మెక్‌ఫాడియన్, సార్జెంట్ డ్రేక్‌గా జెరోమ్ ఫ్లిన్ ('గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో బ్రోన్ ఇతనే), అమెరికా నుంచి వచ్చిపడ్డ డాక్టర్ జాక్సన్‌గా ఆడమ్ రోథెన్‌బర్గ్. రీడ్ నిజంగా ఆ రోజుల్లో అక్కడ పనిచేసిన పోలీసే. మిగతా ఇద్దరూ కల్పితం.

నాకు నచ్చింది ఈ ముగ్గురికన్నా ఆ పేట. మొదటి ఎపిసోడ్‌లోనే కదిలే బొమ్మలు తీసే కెమెరా వస్తుంది. అప్పటికి సినిమా ఇంకా పుట్టీ పుట్టని స్థితి. ఆ కొత్త వింత ముందుగా ఎలాంటివాళ్ళ చేతిలో పడిందో చూస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఓడరేవు కూలీల సమ్మె, టెలిగ్రాఫ్ కుర్రాళ్ళ చాటున నడిచే పెద్దమనుషుల వ్యవహారాలు, అన్నీ కేసుల్లోకి వస్తాయి. రెండో సీజన్‌లో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడవాళ్ళ ఎపిసోడ్ ఒకటుంది. తెల్ల భాస్వరం పొగ పీల్చి పీల్చి దవడ ఎముక కుళ్ళిపోయే జబ్బు వాళ్ళది. నిజంగానే 1888లో బ్రయంట్ అండ్ మే ఫ్యాక్టరీలో ఆడపిల్లలు సమ్మె చేశారు. నేరం చేసినవాళ్ళ మీద కోపం రావాల్సిన చోట, వాళ్ళనలా చేసినవాళ్ళ మీద వస్తుంది. పోలీసు కథ ఆ పని చేయగలిగితే నాకు చాలు.

జాక్సన్ శవపరీక్షల గది గురించి కూడా చెప్పాలి. మసక వెలుతురు, బల్ల మీద శవం, పక్కనే విస్కీ. వేలిముద్రల విభాగం లండన్ పోలీసులకు వచ్చింది 1901లో. అంటే ఇతని దగ్గర ఉన్నవల్లా కత్తి, సీసాల్లో రసాయనాలు, సొంత బుర్ర. కోస్తూ కోస్తూ వెటకారాలాడే ఆ మనిషి లేకపోతే రీడ్ గంభీరతను భరించడం కష్టమే.

ఇంట్లో మాత్రం ఈ సిరీస్‌కి ఓట్లు చీలిపోయాయి. మా అక్క మొదటి ఎపిసోడ్ సగంలోనే లేచి వెళ్ళిపోయింది. "ఆడవాళ్ళని చంపకుండా వీళ్ళకి కథ నడవదా?" అంది. మొదటి సీజన్ వరకు ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. తర్వాత వేశ్యాగృహం నడిపే లాంగ్ సూసన్, అక్కడ ఉండే రోజ్ పాత్రలు బాగా ఎదిగాయి, ముఖ్యంగా సూసన్. కానీ అక్క అంతవరకు ఉంటే కదా! నాన్నగారిది వేరే గొడవ. ఆ మాటలేమిటో ఒక్క ముక్క అర్థం కావట్లేదన్నారు. నిజమే, ఇందులో సూటిగా మాట్లాడేవాడు ఒక్కడూ లేడు. టీ కావాలన్నా పాత పుస్తకం చదువుతున్నట్టే అడుగుతారు. కొన్ని డైలాగులు నేనూ వెనక్కి తిప్పి విన్నాను. అలవాటైతే మాత్రం ఆ భాషే మత్తెక్కిస్తుంది. డ్రేక్ లాంటి మొరటు మనిషి నోట అలాంటి వాక్యాలు వస్తుంటే నాకు భలే ముచ్చటేసింది.

రెండో సీజన్ తర్వాత, చూసేవాళ్ళు తగ్గారని బీబీసీ దీన్ని ఆపేసింది. అమెజాన్ చేయి కలపడంతో మళ్ళీ బతికింది. 1894లో జరిగే మూడో సీజన్ రైలు ప్రమాదంతో అదిరిపోయేలా మొదలవుతుంది. డబ్బు ఖర్చు పెట్టినట్టు తెలుస్తూనే ఉంటుంది. ఆ కథ చివరికొచ్చేసరికి దాదాపు అన్నీ ఒక కొలిక్కి వచ్చేస్తాయి. అక్కడ ఆపేస్తే సరిపోయేది. నాలుగు, ఐదు సీజన్లలో పేట వెనక్కి పోయి, హీరోల సొంత గోడు ముందుకొచ్చింది. ఎవరి పాపం ఎవరు దాచారు, ఎవరు ఎవరికి ద్రోహం చేశారు, ఇదే తిరగలి. ఐదో సీజన్ ఆరు ఎపిసోడ్లే అయినా నాకు పదహారులా అనిపించింది. ఆఖరి ఎపిసోడ్ బాగుందని చాలామంది అంటారు. మెక్‌ఫాడియన్ నటనకైతే నేనూ ఒప్పుకుంటాను, కథకి ఒప్పుకోను.

అన్నట్టు, ఇందులో మనం చూసే లండన్ చాలావరకు ఐర్లండ్‌లోని డబ్లిన్. ఆ సంగతి తెలిశాక కూడా బురద వీధుల్లో నాకు తేడా కనబడలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, ఇంగ్లిష్ ఎంత బాగా వచ్చినా సరే. రోజుకి ఒక ఎపిసోడ్ చాలు, వరసగా చూస్తే తల బరువెక్కుతుంది. పిల్లలు నిద్రపోయాక చూడండి. భోజనం చేస్తూ మాత్రం వద్దు.