మేత షాపు లెక్కలు తొమ్మిదేళ్ళు రిలేషనల్ పద్ధతిలో నడిపాక నా రివ్యూ

మాది భీమవరం దగ్గర రొయ్యల మేత షాపండి, షాపు బాబాయ్‌ది, లెక్కలు నేను చూస్తాను. ఎక్సెల్ వదిలాక మొదట ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వాడాం, నాలుగేళ్ళయ్యాక పోస్ట్‌గ్రెస్ అనే పెద్ద డేటాబేస్‌కి మారాం, మధ్యలో ఎంట్రీ స్క్రీన్లు రెండుసార్లు మళ్ళీ రాసుకున్నా, కానీ టేబుళ్ళు మాత్రం మొదటి ఏడాది కుదిరినవే ఇప్పటికీ ఉన్నాయి. అందుకే ఈ రివ్యూ సాఫ్ట్‌వేర్ గురించి కాదు, దాని కిందున్న గణితం గురించి.

1970లో ఎడ్గార్ కాడ్ గారు ఐబీఎంలో ఉండగా ఒక పేపర్ రాశారు, 1981లో ఆయనకి ట్యూరింగ్ అవార్డ్ కూడా వచ్చింది. అప్పటిదాకా డేటా కావాలంటే అది లోపల ఏ దారిలో అల్లి ఉందో ప్రోగ్రాం రాసేవాడికి తెలియాలి. ఆయన దాన్ని సెట్ థియరీలోకి, అంటే సమితుల గణితంలోకి తెచ్చారు, రిలేషనల్ పద్ధతి అంటే ఇదే. టేబుల్ అంటే ఒక సెట్, వరుసల్లో ముందూ వెనకా లేదు, ఏ వరుసనైనా దాని కీ పెట్టి, అంటే ఇంకే వరుసకీ లేని విలువ పెట్టి పట్టుకోవాలి, అంతే.

కీ విలువ నాకు తెలిసింది పేర్ల దగ్గరండి. మా వైపు తాతగారి పేరు మనవళ్ళందరికీ పెడతారు కదా, ఒకే ఊళ్ళో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్ళు ముగ్గురు మాకు ఖాతాదారులు. ఎక్సెల్‌లో ఉన్నప్పుడు బాబాయ్ రోజూ "ఒరేయ్, ఈ ముప్పై బస్తాలు ఏ రాజుగారివిరా" అని అడిగేవాడు. ఫోన్ నెంబర్ కీగా పెడదామంటే అది మారిపోతుంది. చివరికి రైతుకో నెంబర్ ఇచ్చాం, ఆ అడగడం ఆగిపోయింది.

తర్వాత అసలు తిప్పలు లీజులతో. మొదట చెరువు టేబుల్లోనే రైతు నెంబర్ పెట్టేశాను. పంట అయ్యాక ఆ చెరువు ఇంకొకాయన లీజుకి తీసుకున్నాడు, నేను రైతుని మార్చాను, పాతాయన మేత బాకీ మొత్తం కొత్తాయన పేరు మీద వచ్చేసింది, ఆయన షాపుకొచ్చి నిలదీశాడు, పాపం ఆయన తప్పేముంది. అప్పుడు కూర్చుని ఏది దేన్ని బట్టి తేలుతుందో కాగితం మీద రాశాను. ఎకరాలు చెరువుని బట్టి. సాగు చేసేది ఎవరన్నది చెరువూ పంటా రెండూ కలిస్తేనే. దీన్నే ఫంక్షనల్ డిపెండెన్సీ అంటారు, టేబుళ్ళు ఎలా విడగొట్టాలో చెప్పే నార్మల్ ఫారాల్లో మామూలుగా వాడేవి చాలావరకు దీని మీదే కట్టారు. లీజు వేరే టేబుల్ అయింది, ఆ తర్వాత ఎవరి బాకీ వాళ్ళ దగ్గరే ఉంది.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఇంకా బాగా తెలిసింది. కైకలూరు, కలిదిండి మండలాలు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళాయి, అక్కడ మాకు చాలామంది రైతులున్నారు. జిల్లా మండలాన్ని బట్టి తేలుతుంది కాబట్టి అది మండలం టేబుల్లోనే ఉంది, మండలానికి ఒక్క వరుస మార్చాను, రైతుల వరుస ఒక్కటి కూడా ముట్టుకోలేదు. పాత ఎక్సెల్ షీటే అయితే ప్రతి బిల్లు పక్కనా జిల్లా పేరుండేది, ఎన్ని చోట్ల మిగిలిపోయేదో.

బాధ పెట్టింది నల్, అంటే విలువ నింపని ఖాళీ గడి. వారం రోజులుగా మేత తీసుకెళ్ళని చెరువులేంటో చూద్దామని నాట్ ఇన్‌తో, అంటే బిల్లుల జాబితాలో లేని చెరువులు ఇమ్మని క్వెరీ రాస్తే ఒక్కటి కూడా రాలేదు, అందరూ తీసుకెళ్ళారనుకుని ఊరుకున్నాం, తీరా చూస్తే ఏ చెరువుకో చెప్పకుండా తీసుకెళ్ళిన బిల్లు ఒకటుంది, అందులో చెరువు నెంబర్ నల్. తెలియనిదానితో పోలిస్తే జవాబు కూడా తెలియదనే వస్తుంది, అవును కాదు కాకుండా మూడో జవాబు, దాంతో అన్ని చెరువులూ రాలిపోయాయి. ఆ చెరువుకి బిల్లు ఒక్కటీ లేదా అని అడిగే నాట్ ఎగ్జిస్ట్స్‌తో రాస్తే సరిపోయింది, కానీ ఇలాంటిది ఎర్రర్ ఇవ్వకుండా జరగడం నాకు ఇప్పటికీ నచ్చదు. నల్ రాకుండా ఉండగలిగిన ప్రతి కాలమ్‌కీ ఇప్పుడు నాట్ నల్, అంటే ఖాళీ వదలకూడదన్న నియమం పెట్టేస్తున్నా.

రిపోర్టుకి నాలుగైదు టేబుళ్ళు జాయిన్ చేయాలి, అంటే కీలు పట్టుకుని కలపాలి, కొత్తవాళ్ళకి అది కష్టమే, ఒక వ్యూ, అంటే పేరు పెట్టి దాచిన క్వెరీ, కట్టి పెడితే షాపులో కుర్రాడు కూడా చూసుకుంటున్నాడు.

ఇప్పుడు పట్టుబడి లెక్కలు, అంటే చెరువులో పట్టిన రొయ్యల లెక్కలు కూడా పెట్టమంటున్నారు. ఒకే చెరువులో ఒకే రోజు రెండు మూడు కౌంట్లు (కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు) వస్తాయి, రేటు చెరువుని బట్టి కాదు, తేదీ, కౌంటు, కొనేవాళ్ళు మూడింటినీ బట్టి, అంటే రేట్లకి ఇంకో టేబుల్, మూడూ కలిపి కీ. నిన్న రాత్రే కాగితం మీద గీశాను, బాబాయ్‌కి చూపించాలి.