హైదరాబాదులో దంపతుల కౌన్సెలింగ్: ఒక సమీక్ష

దంపతుల కౌన్సెలింగ్ అనగానే మనలో చాలామందికి కుటుంబ న్యాయస్థానంలో జరిగే రాజీ ప్రయత్నమో, ఇరువైపుల పెద్దమనుషులు కూర్చుని తప్పెవరిదో తేల్చే పంచాయితీయో గుర్తుకొస్తుంది. మావారూ నేనూ కొన్ని నెలలపాటు వెళ్లిన ప్రైవేటు కేంద్రంలో ఎవరూ తీర్పు చెప్పలేదు. అక్కడి సేవలో నాకు అన్నిటికన్నా నచ్చినది అదే. కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నందువల్ల కేంద్రం పేరు రాయడం లేదు.

మొదట ఇద్దరితో కలిపి మాట్లాడి, ఆ తరువాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడారు. విడిగా చెప్పిన విషయాల్లో ఏది గోప్యంగా ఉంటుంది, ఏది ఇద్దరి ముందుకూ వస్తుంది అన్నది ముందే కాగితం మీద రాసి చూపించారు. ఇంట్లో కొట్టడం, బెదిరించడం వంటివి ఉన్నాయేమో కనుక్కోవడానికే ఈ విడి సంభాషణ. అటువంటి భయం ఉన్నచోట ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మనసు విప్పమనడం ప్రమాదం, ఎందుకంటే ఆ గదిలో అన్న మాటకు ఇంటికి వెళ్లాక మూల్యం చెల్లించవలసి వస్తుంది.

తరువాత మా రెండు కుటుంబాల మూడు తరాల పటం గీశారు. అమెరికన్ మనోవైద్యుడు మర్రే బోవెన్ ఆలోచనలతో ముడిపడిన ఈ పటాన్ని జెనోగ్రామ్ అంటారు. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, గాఢమైన అనుబంధానికి జంట గీతలు, తగవులకు వంకర గీత. మావారికీ అత్తగారికీ మధ్య జంట గీతలు పడ్డాయి. అత్తగారికీ నాకూ మధ్య ఏ గీత గీయాలో తెలియక పెన్సిలు ఆగిపోయింది, ఎందుకంటే ఆవిడ నాతో చెప్పదలచుకున్నవీ నేను ఆవిడతో చెప్పదలచుకున్నవీ ఏళ్లుగా మావారి ద్వారానే నడుస్తున్నాయి. ఇద్దరి మధ్య బిగువు పెరిగినప్పుడు మూడో మనిషిని లోపలికి లాగి ఊపిరి తీసుకోవడాన్ని బోవెన్ త్రికోణం అన్నారు. మావారి నాయనమ్మగారి కాలంలోనూ ఆ ఇంట్లో కబుర్లు ఇలాగే కొడుకు ద్వారా నడిచేవని పటం పూర్తయ్యేసరికి బయటపడింది.

థెరపిస్టుగారి నేర్పు ప్రశ్నల్లో కనిపించింది. ఇటలీలోని మిలాన్ నగరానికి చెందిన కుటుంబ చికిత్సకుల బృందం పేరుతో ప్రసిద్ధమైన పద్ధతిలో, ఒకరి మనసులో ఏముందో రెండోవారిని అడుగుతారు. "అమ్మగారు చెప్పిన మాట ఈవిడకు చెప్పాలా వద్దా అని మీరు తటపటాయిస్తున్నప్పుడు, మీ ముఖం చూసి ఈవిడ ఏమనుకుంటారంటారు?" అని మావారిని అడిగారు. ఆయన చాలాసేపు జవాబివ్వలేదు. మరోసారి మా కుర్చీలను ఎదురెదురుగా తిప్పించి, ఆదివారం జరిగిన గొడవ గురించి తనకు చెప్పకుండా మమ్మల్నే మాట్లాడుకోమని, తాను కాస్త వెనక్కి జరిగి కూర్చున్నారు. కుటుంబ చికిత్స నిపుణుడు సాల్వడార్ మినూచిన్ ప్రాచుర్యంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో, గొడవ గురించి వినడానికి బదులు గొడవ నడిచే తీరును థెరపిస్టు కళ్లారా చూస్తారు.

దాంపత్య సంబంధాలపై పరిశోధించిన అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ చెప్పిన నాలుగు ప్రమాద సూచనలను, అంటే వ్యక్తిత్వాన్ని నిందించడం, చులకన చేయడం, తనను తాను సమర్థించుకోవడం, మాట్లాడకుండా బిగుసుకుపోవడం అన్నవాటిని, వివరించిన తీరు మాత్రం నన్ను నిరాశపరిచింది. ఇంగ్లీషు కాగితం ఒకటి చేతికిచ్చి చదువుకోమన్నారు. వీటిలో చులకనే దాంపత్యానికి అన్నిటికన్నా ఎక్కువ హాని చేస్తుందని గాట్‌మన్ అంటారు. మన ఇళ్లలో అది "అవునులెండి, మీకు తెలియనిదేముంది" అంటూ ఎంతో మర్యాదగా వస్తుంది. ఆ కాగితంలోని ఉదాహరణలతో దాన్ని పోల్చుకోలేము. కోపం తలకెక్కినప్పుడు కనీసం 20 నిమిషాలు విడిగా ఉండి, ఆ తరువాత తప్పకుండా మళ్లీ కూర్చుని మాట్లాడుకోవాలన్న సూచన మాత్రం మాకు బాగా పనికొచ్చింది.

పెద్ద ఫిర్యాదు మరొకటి ఉంది. ఆరంభంలో వేరు కాపురమే పరిష్కారమన్నట్లు మాట్లాడారు. కుటుంబ సభ్యుల మధ్య ఉండాలని మినూచిన్ చెప్పిన సరిహద్దులు గోడలు కావు. మరీ బిగుసుకుపోయినా మరీ చెరిగిపోయినా చిక్కేనని, స్పష్టంగా ఉంటే చాలునని ఆయన ఉద్దేశం. మేమే పట్టుబట్టాక అత్తగారిని ఒక సెషన్‌కు పిలిచారు. నాతో చెప్పవలసినవి ఇకపై నాతోనే చెబుతానని ఆవిడ ఒప్పుకున్నారు. ఆ పని మొదట్లోనే చేసి ఉండవలసింది. సాయంత్రం వేళలు దొరకకపోవడం, ఫీజు సామాన్యులకు భారం కావడం చెప్పనక్కరలేదు.

మాట్లాడుకోవాలన్న కోరిక ఇద్దరికీ ఉండి, ప్రతిసారీ ఒకే చోట ఇరుక్కుపోతున్న జంటలకు ఇటువంటి సేవను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. హింస ఎదుర్కొంటున్న స్త్రీలు ముందుగా 181 మహిళా హెల్ప్‌లైన్‌ను సంప్రదించడం మేలు. ఖర్చు భరించలేనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎక్కడికి వెళ్లినా ముందు థెరపిస్టు అర్హత అడగండి: క్లినికల్ సైకాలజిస్టులకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉంటుంది, కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్నవారందరికీ అది ఉండదు.