డేట్ మీద స్టిక్కర్ అంటించి కండోమ్‌లు అమ్ముతున్నారు, జాగ్రత్త

యాప్ తెరవగానే సగం ధరకే కండోమ్‌లు అని పెద్ద బ్యానర్ కనిపిస్తోంది కదా, ఆ సెల్లర్ గురించే చెబుతున్నా. పేరు రాయట్లేదు, కొన్నవాళ్ళకి తెలిసిపోతుంది. నాకు పిల్స్ పడవు, అందుకే మేం కండోమ్‌లే వాడతాం. నిన్న రాత్రి ఒకటి నిలువునా చీలిపోయింది.

లైటు వేసి మిగతావి చూశాం. ఒకటి విప్పి లాగితే సాగలేదు, పుటుక్కున తెగింది. వేళ్ళకి జిగురుగా అంటుకుంది. పెట్టె వెనక గడువు తేదీ దగ్గర చిన్న తెల్ల స్టిక్కరుంది, దాని మీద 2028. గోరుతో గీకితే కింద అసలు అచ్చు, 2023! లోపలి ప్యాకెట్ల అంచున లాట్ నంబరు (ఒకేసారి తయారైన సరుకుకి వేసే నంబరు), తేదీ ఉండాల్సిన చోట ఏదో పెట్టి తుడిచేసినట్టు మసక మరక. అంటే తెలిసే చేశారు, ఒక్కో ప్యాకెట్టూ కూర్చుని తుడిచారు.

పొద్దున్నే ఆ సెల్లర్‌కి ఫోన్ చేశాను. వాడేసిన ఐటమ్‌కి రిటర్న్ లేదన్నాడు. స్టిక్కర్ సంగతేంటని అడిగితే, "ఏ కండోమైనా చిరగొచ్చు మేడమ్, మీరు నూనె ఏదైనా రాసుంటారు" అన్నాడు. నూనె, వాజలైన్ తగిలితే లేటెక్స్, అంటే కండోమ్ రబ్బరు, నిమిషాల్లోనే బలహీనపడుతుందని తెలుసు, మేం నీటితో చేసిన జెల్లే వాడతామని చెప్పాను. ఆ తర్వాత అన్నమాట ఇంకా చెవిలో మోగుతోంది. "ఇవన్నీ మీతో ఎందుకు, మీ ఆయనకి ఫోనివ్వండి." గర్భం వస్తే మోయాల్సింది నేను! టెన్షన్‌తో చేతులు వణుకుతూ మెడికల్ షాపుకి పరిగెత్తింది నేను! నాతో కాక ఇంకెవరితో మాట్లాడతాడు?

చిరగొచ్చు నిజమే. ప్రతిసారీ సరిగ్గా వాడినా ఏడాదిలో 100 మందిలో ఇద్దరికి, అందరూ మామూలుగా వాడే తీరులో అయితే 13 మందికి గర్భం వస్తుందని లెక్క. కానీ ఆ లెక్క మంచి సరుకుది. కండోమ్‌లకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4074 ప్రకారం లాట్‌లో కొన్ని తీసి గాలి నింపి పగలగొట్టి, నీళ్ళు పోసి కారుతుందేమో చూస్తారు. గడువు 5 ఏళ్ళకి మించకూడదు. లాట్ నంబరు, గడువు తేదీ ప్రతి చిన్న ప్యాకెట్ మీదా ఉండాలి. ఇతను తుడిచేసింది సరిగ్గా వాటినే.

మీరు తెప్పించి ఉంటే పెట్టె మీది తేదీ నమ్మకండి, లోపలి ప్యాకెట్‌ది చూడండి. రెండూ వేరుగా ఉంటే అసలు వాడొద్దు. ప్యాకెట్ నొక్కితే లోపల గాలి బుడగలా తగలాలి, తగలకపోతే పారేయండి. విప్పాక ఎండినట్టున్నా, జిగురుగా ఉన్నా అంతే.

ఇప్పటికే చిరిగుంటే రేపటిదాకా ఆగకండి. గర్భం రాకుండా అత్యవసరంగా వేసుకునే లెవొనార్జెస్ట్రెల్ 1.5 మి.గ్రా. మాత్ర 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. ఆ సమయం దాటినా 5 రోజుల్లోపు డాక్టర్‌తో కాపర్ టీ వేయించుకోవచ్చు. మాత్ర సుఖవ్యాధులని ఆపదు, ఆ భయముంటే పరీక్ష సంగతి కూడా అడగండి.

యాప్‌లో నా రివ్యూ ఇంకా కనిపించట్లేదు. ఇలాంటి స్టిక్కర్ మీకూ వచ్చుంటే, గీకకముందు ఒకటి, గీకాక ఒకటి ఫోటో తీసి కంప్లైంట్ పెట్టండి.