ఫెండర్ రంబుల్ 40: గెయిన్ ఎక్కడ ఆపాలి, డ్రైవ్ ఎంత తిప్పాలి

తిరుపతి కల్యాణ మండపాల్లో ఆర్కెస్ట్రాకూ, చర్చి ఆరాధనకూ, ఇంట్లో సాధనకూ ఈ బేస్ గిటార్ యాంప్‌ను ఏళ్ల తరబడి వాడాక చెప్పేదొకటే. గరగర ఎక్కడ పుడుతోందో తేల్చుకున్నాకే నాబ్ ముట్టుకోండి. 40 వాట్లు, 10 అంగుళాల స్పీకర్, బరువు ఎనిమిది కిలోల చిల్లర. స్కూటర్ ముందు పెట్టుకుని పోవచ్చు, అదేం చిన్న సుఖం కాదు.

గెయిన్ (గిటార్ సిగ్నల్‌ను మొదట్లోనే ఎంత పెంచాలో చెప్పే నాబ్) పెట్టేటప్పుడు ఓవర్‌డ్రైవ్, బ్రైట్, కాంటూర్, వింటేజ్ బటన్లన్నీ ఆపేయండి. నాలుగు టోన్ నాబ్‌లూ (బేస్, లో-మిడ్, హై-మిడ్, ట్రెబుల్) నడిమికి, మాస్టర్ (మొత్తం శబ్దం) తక్కువకి. గిటార్ వాల్యూమ్ పూర్తిగా తెరిచి, స్టేజీ మీద ఎంత గట్టిగా కొడతారో అంత గట్టిగా లావు తీగను మీటుతూ గెయిన్ పెంచండి. స్వరం అంచు చెదిరిన చోట ఆగి, రొంత వెనక్కి తిప్పండి. బ్యాటరీ లేని మామూలు పాసివ్ బేస్‌కి అది గడియారం ముల్లు లెక్కన పన్నెండు, ఒంటిగంట స్థానం దగ్గర పడుతుంది. బ్యాటరీతో నడిచే యాక్టివ్ బేస్‌కి తొమ్మిది, పదికే సరిపోతుంది. స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టే పద్ధతి) వాయించేవాళ్లు స్లాప్‌తోనే చూసుకోవాలి. ఆ తర్వాత శబ్దం చాలకపోతే పెంచాల్సింది మాస్టర్‌నే.

అయినా గరగర వస్తోందా? మాస్టర్ తగ్గించి చూడండి. పోయిందంటే అది స్పీకర్‌దో పవర్ సెక్షన్‌దో. పోలేదంటే గెయిన్ తగ్గించండి. అప్పటికీ పోకపోతే యాంప్‌ను తిట్టకుండా యాక్టివ్ బేస్‌లోని 9 వోల్టుల బ్యాటరీని మల్టీమీటర్‌తో కొలవండి. 7 దగ్గరికి దిగితే మార్చేయాలి. వాయించడం అయ్యాక కూడా కేబుల్ గుచ్చే ఉంచితే యాక్టివ్ బేస్ బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. సగం 'డిస్టార్షన్' ఫిర్యాదులు ఇక్కడే తేలిపోతాయి.

స్పీకర్ గరగరకి కారణం దాదాపు ఎప్పుడూ బేస్ (కింది స్వరాల) నాబే. చినిగిన కాగితం కొట్టుకున్నట్టు వినిపిస్తుంది. లావు తీగ 41 హెర్ట్జ్, ఐదు తీగల బేస్‌లో బి తీగ 31. స్పీకర్‌లోని చిన్న కోన్‌కి అవి మోయలేని బరువులు. పైగా 3 డెసిబెల్స్ పెంచితే రెండింతల పవర్ కావాలి, 12 పెంచితే పదహారింతలు. 40 వాట్ల యాంప్ ఎక్కడి నుంచి తెస్తుంది? బేస్ కాస్త తగ్గించి లో-మిడ్ పెంచండి. వినేవాళ్లకి శబ్దం పెరిగినట్టే ఉంటుంది.

ఇక డ్రైవ్, అంటే ఓవర్‌డ్రైవ్ బటన్ వేశాక గరుకుదనం ఎంతో చెప్పే నాబ్. నా లెక్కలో ఇది తొమ్మిది, పది గంటల దాకానే సంగీతం. పన్నెండు దాటితే కింది స్వరాలు పలచబడి, పైన జుయ్‌మనే మోత మిగులుతుంది. ట్రెబుల్ తగ్గించండి, బ్రైట్ ఆపే ఉంచండి. కాంటూర్ బటన్ మిడ్‌ను (మధ్య స్వరాలను) తోడేస్తుంది. డ్రైవ్ వినబడేదే మిడ్‌లో కాబట్టి రెండూ కలిపితే కీబోర్డ్, కిక్ డ్రమ్ మధ్య బేస్ ఎక్కడుందో వెతుక్కోవాలి. లెవెల్ నాబ్‌తో ఓవర్‌డ్రైవ్ బటన్ వేసినా తీసినా శబ్దం ఒకటే ఉండేలా సరిచూసుకోండి, అదీ ఒంటరిగా కాదు, డ్రమ్స్ మోగుతుండగా. గెయిన్ కదిపితే డ్రైవ్ స్వభావం కూడా మారుతుంది, మళ్లీ చూసుకోవాల్సిందే. పాట మధ్యలో మార్చాలంటే ఫుట్‌స్విచ్ విడిగా కొనుక్కోవాలి.

ఎర్త్ సరిగా లేని ప్లగ్ పాయింట్లలో హమ్ (గుయ్‌మనే మోత) వస్తుంది, గెయిన్ ఎక్కువైన కొద్దీ అదీ పెరుగుతుంది. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేసే అలవాటు కొందరికి ఉంది. ప్రాణం మీదికి వచ్చే పని అది, చేయకండి. మిక్సర్‌కి ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైక్ తరహా) కేబుల్ గుచ్చాకే హమ్ మొదలైతే వెనకున్న గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి. అది సిగ్నల్ కేబుల్ గ్రౌండ్‌ను మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ అలాగే ఉంటుంది.

గంగమ్మ జాతర స్టేజీకో వినాయక చవితి పందిరికో ఈ యాంప్ ఒక్కటే చాలదు. అక్కడ దీన్ని పక్కన మానిటర్‌గా పెట్టుకుని, ఎక్స్‌ఎల్‌ఆర్ లైన్ సౌండ్ సర్వీస్ వాళ్ల మిక్సర్‌కి ఇవ్వండి. డ్రైవ్ బటన్ నొక్కి ఒక చరణం వాయించి, వాళ్లను లెవెల్ చూసుకోమనండి.